మాట వరసకి

ఓట్లు లెక్కపెట్టడానికి ముగ్గురు మనుషులు డబ్బా పట్టుకుని, పిల్లలకి వంట నేర్పే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు, వాళ్ళు బయటికి వచ్చేదాకా మేమంతా ఈ హైస్కూలు జిమ్‌లో, బాస్కెట్‌బాల్ కోర్టు మీద పరిచిన మడత కుర్చీల్లో నడుములు పట్టేసేలా కూర్చోవాలి, ఈలోగా జనం విసుగెత్తి ఇళ్ళకి పోకుండా మేనేజరు కర్టిస్ ఎంబ్రీ గాజు జాడీలో చెయ్యి పెట్టి చీటీలు తీస్తూ బహుమతులు పంచుతున్నాడు, ఇప్పటికి ఒక ఎక్స్‌టెన్షన్ తీగ, ఒక కరెంటు కంబళి, ఒక పెట్టెడు బల్బులు అయిపోయాయి, కంబళి వచ్చినావిడ "అయ్యో, నాకెందుకండీ, ఇంకెవరికైనా ఇవ్వండి" అంటూనే రెండు చేతులా అందుకుంది, నేను చప్పట్లు కొట్టాను, నా మొహానికి ఒక నవ్వు ఇందాకటి నుంచి అతుక్కుపోయి ఉంది, దాన్ని తీసేస్తే గెలవాలని ఆశ ఉన్నట్టు కనిపిస్తుందేమోనని తియ్యలేదు. గెలవాలని లేదు నాకు. అందరికీ అదే చెప్పాను. గూస్ ప్రెయిరీ విద్యుత్ సహకార సంఘం బోర్డులో ఒక డైరెక్టరు సీటు ఖాళీ అయింది, రిటైరైన మనిషిని, ఊరికే కూర్చోవడమెందుకు, నలుగురికీ పనికొద్దామని నిలబడ్డాను, గెలిస్తే సేవ, ఓడితే చేపల వేట, అంతే. చర్చి మెట్ల మీద చెప్పాను, పెట్రోలు బంకులో చెప్పాను, పళ్ళు శుభ్రం చేసే అమ్మాయికి నోట్లో గొట్టం ఉండగానే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాకే నమ్మకం కలిగింది. మరి ఆ వంట గది తలుపు వైపు చూడకుండా ఒక్క నిమిషం కూడా ఎందుకు ఉండలేకపోతున్నానో తెలియదు. మెడ అటే పట్టేసి ఉంటుంది.

పక్కన నా భార్య కారొలీ, నేను కాలు మీద కాలు వేసుకున్నప్పుడల్లా ప్యాంటు నలుగుతుందని మోకాలి మీద తడుతోంది. అసలు ఇదంతా మొదలుపెట్టింది ఆవిడే. రిటైరైన కొత్తలో నేను ఆవిడ వంటింటి సొరుగులన్నీ సర్దాను, చెంచాల సొరుగు పొయ్యికి మరీ దూరంగా ఉందని ఇటువైపుకి మార్చాను, అది మంచి పనే, ఇప్పటికీ అదే అంటాను, ఆవిడ మాత్రం ఆ వారమంతా చెంచాకని పాత సొరుగు లాగి చేతి రుమాళ్ళని చూసి పళ్ళు నూరింది. తరవాత కారు సంగతి. ఆవిడ నడుపుతుంటే నేను పక్కన కూర్చుని ఏమీ అనలేదు, దేవుడి తోడు, ఒక్క మాట అనలేదు, ఊపిరి మాత్రం పీల్చాను. మలుపు దగ్గర సిగ్నల్ దీపం ఆలస్యంగా వేస్తే ఊపిరి గట్టిగా పీల్చడం నా ఒంటికి ఉద్యోగంతో వచ్చిన అలవాటు, అదేం నేరమా. కారొలీ సోయా చేను పక్కన కారాపి, తాళం తీసి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వేదన్నా సేవ చూసుకో లోవెల్, లేకపోతే నేను చూసుకుంటాను" అంది. ఎలాంటి సేవ అని అడిగాను. "ఇంటి బయట చేసేది ఏదైనా సరే" అంది. అలా మొదలైంది నా ప్రజాసేవ. ఎన్నికలకి అట్టలు కూడా తనే రాసింది, పెద్ద పెద్ద నీలం అక్షరాలతో, 'లోవెల్ హాగెరుడ్ - ముందూ వెనకా చూసుకునే మనిషి' అని. అందులో వెటకారం ఎంత ఉందో నేను ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

ముందూ వెనకా చూసుకోవడమే నా బతుకు. డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఉద్యోగం నాది, ఈ కౌంటీలో పదహారేళ్ళు నిండిన ప్రతి ప్రాణీ స్టీరింగు పట్టుకుని నా పక్కన చెమటలు కక్కిన ప్రాణమే, అందుకని ఈ జిమ్‌లో తలలు చూస్తుంటే నాకు ముందు తప్పులు గుర్తొస్తాయి, పేర్లు తరవాత వస్తాయి. ఆ మూడో వరసలో ఎర్ర టోపీ, అద్దం చూడడు. వెనక బట్టతల, మలుపులో గీత దాటాడు, మళ్ళీ పెట్టిన పరీక్షలోనూ దాటాడు. ఆ చంటిబిడ్డ తల్లి స్టాప్ బోర్డు దగ్గర ఆగినట్టు నటించింది, ఆగలేదు, ఆవిడ తల్లీ అంతే, అమ్మమ్మా అంతే, ఆ ఇంటి ఆడవాళ్ళకి చక్రం పూర్తిగా ఆపడమంటే పరువు తక్కువ. పాస్టరు గారిని కూడా పరీక్షలో తప్పించాను, ఫెయిలంటే ఫెయిలే, వేరే రాష్ట్రం నుంచి వచ్చారాయన, రైలు పట్టాలు దాటేటప్పుడు కళ్ళు మూసుకున్నారు, ఆ ఆదివారం ప్రసంగమంతా ఇతరుల మీద తీర్పులు చెప్పేవాళ్ళ గురించే సాగింది, కారొలీ నా మోకాలి మీద తట్టింది. నేను చెడ్డవాణ్ణి కాను. ఈ కౌంటీ పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉండి ముసలివాళ్ళయ్యారంటే అందులో నా చెయ్యి కొంతైనా ఉంది, కానీ జరగని ప్రమాదానికి ఎవరు థాంక్స్ చెబుతారు. ఎవరూ ఏమీ అనరు, మిన్నెసోటాలో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, "చలి కాస్త తగ్గినట్టుందండీ" అని తప్పుకుంటారు. కిరాణా కొట్టులో నేను డబ్బా కూరల వరసలోకి తిరిగితే అక్కడున్నవాళ్ళు సబ్బుల వరసలోకి తిరుగుతారు. సిగ్నల్ ఇవ్వకుండానే.

ఇక నా మీద నిలబడిందెవరయ్యా అంటే బెర్నడీన్ ప్రిబిల్. అదుగో ముందు వరసలో, పసుపు రంగు స్వెట్టరు, ఒకేసారి నలుగురితో మాట్లాడుతూ, ఎవరి చెయ్యో పట్టుకుని ఊపుతూ. ఇదే బడిలో వంటావిడగా చేసి రిటైరైంది. నేను చూస్తే తలలు దించుకునే ఈ జనమంతా చిన్నప్పుడు పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డవాళ్ళే, ఆవిడ ఇంకో బన్ను వేసింది, ఇంకో గరిటె వేసింది, ఇంట్లో సరిగ్గా తిండి లేని పిల్లలెవరో మొహం చూసి కనిపెట్టి వాళ్ళకి ఎక్కువ వేసింది. నేను నామినేషన్ వేసి, ఎవరూ పోటీ లేరని లోపల్లోపల సంబరపడుతున్న మర్నాడే ఆవిడా వేసింది. పోస్టాఫీసు దగ్గర ఎదురై "నీకేం అభ్యంతరం లేదుగా లోవెల్?" అని అడిగింది. "అబ్బే, ఎందుకుంటుంది, ఎంతమంది నిలబడితే అంత మంచిది" అన్నాను. గుండెల్లో రాయి పడ్డ మనిషి అంత హాయిగా మాట్లాడగలడని నాకే తెలియదు.

ఆవిడని కూడా తప్పించాను కదా. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, ఆవిడకి పెళ్ళి కొత్త. పరీక్షకి వస్తూ వస్తూ అప్పుడే పొయ్యిలోంచి తీసిన దాల్చినచెక్క రొట్టె ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది, కారంతా ఆ వాసన, "తినండి" అంది, నేను "వద్దండీ" అన్నాను. వద్దంటే వద్దని కాదు. మేం నార్వే వాళ్ళ సంతానం, ప్రొటెస్టంట్లలో లూథరన్లం, మా ఇళ్ళలో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి అబ్బే ఎందుకండీ మీకు శ్రమ అనాలి, మూడోసారికి సరే ఒక్క అరకప్పు అని రెండు కప్పులు తాగాలి, ఇవన్నీ ఎవరూ నేర్పరు, తల్లి పాలతో పాటు లోపలికి పోతాయి. చర్చి భోజనాల్లో కేకు పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ తియ్యరు, అందులో సగం కోసుకుంటారు, మిగిలిన సగంలో సగం ఇంకొకరు కోసుకుంటారు, చివరికి చీమకి కూడా చాలనంత ముక్క ఒకటి మిగిలి, బల్ల తుడిచే గుడ్డతో పాటు పోతుంది. బెర్నడీన్ వాళ్ళు కౌంటీకి దక్షిణాన ఉండే బొహీమియా వాళ్ళు, అంటే చెక్‌లు, క్యాథలిక్కులు, వాళ్ళకి ఈ గొడవ లేదు. నేను వద్దండీ అనగానే "సరే" అని ఆ రొట్టె తనే కొరుక్కుంటూ, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఊరంతా తిప్పింది. నేను రెండో 'తినండి' కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, అది రాలేదు, రొట్టె అయిపోయింది, వేళ్ళు కూడా నాకింది. రెండు చేతులూ స్టీరింగు మీద లేవని తప్పించాను. రూలు ప్రకారమే. కానీ ఆ రొట్టె సగం నాకు పెట్టి ఉంటే ఆ రూలు అంత స్పష్టంగా కనిపించి ఉండేదా అని అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

ఎంబ్రీ ఇంకో చీటీ తీశాడు, పొగపెట్టిన పంది తొడ, పదిమంది మెడలు చాచారు. పొద్దున మా ఉపన్యాసాలు అయ్యాయి. బెర్నడీన్ లేచి, మైకు కూడా పుచ్చుకోకుండా, "మీ అందరికీ తిండి పెట్టాను. ఎవరూ చావలేదు. కరెంటు కూడా అంతే జాగ్రత్తగా చూస్తాను" అని కూర్చుంది. కప్పెగిరిపోయేలా చప్పట్లు. నేను ఉడతల మీద మాట్లాడాను. నవ్వే విషయం కాదది, మన దగ్గర కరెంటు పోవడానికి గాలి తరవాత పెద్ద కారణం ఉడతలే, ట్రాన్స్‌ఫార్మరు మీదికెక్కి అవీ చస్తాయి, మన ఫ్రీజరునీ చంపుతాయి, దానికి ప్లాస్టిక్ తొడుగులున్నాయి, వాటి సంగతంతా చదువుకుని వచ్చాను, బాగానే చెప్పాను కూడా, మైకు ఒక్కసారే కూసింది. చివర్లో థాంక్స్ చెప్పాల్సిన చోట నోరు తన పాత దారిన పోయి, "అయిపోయిందండీ, ఇక మీరు దిగొచ్చు" అంది. వెనక వరసలో ఇద్దరు నిజంగానే లేచి నిలబడ్డారు. కారొలీ చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల పూర్తిగా లోపలికి పెట్టేసింది.

గెలవాలని లేదు అన్నాను కదా. అబద్ధం. ఎప్పుడు మొదలైందో కూడా తెలుసు. రిటైరైన మొదటి చలికాలంలో వాన గడ్డకట్టి తీగల మీద చెయ్యి మందాన పేరుకుంది, స్తంభాలు వరసగా పడుకున్నాయి, కౌంటీ అంతా చీకటి. సంఘం ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి మనుషులు చాలటం లేదన్నారు, కారొలీ నా కోటు తెచ్చి నా మీద పడేసి, "కరెంటెప్పుడొస్తుందని నన్నడిగే బదులు పోయి అడిగినవాళ్ళకి చెప్పు" అంది. వెళ్ళాను. కింద గదిలో గోడకి కౌంటీ పటం, టేబులు మీద ఫోను, తీగల మీద పనిచేసే కుర్రాళ్ళు ఎక్కడున్నారో రేడియోలో చెబుతుంటే నేను అవతలివాళ్ళకి చెప్పాలి. "సహకార సంఘమండీ" అనడమే, నా పేరు చెప్పక్కర్లేదు, నా మొహం కనపడదు. ఒక ముసలావిడ తన ఫ్రీజర్లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చదివి వినిపించి, ఇవన్నీ కరిగిపోతే ఎలా నాయనా అని ఏడ్చింది, అమ్మా, బయట గడ్డకట్టే చలి, అన్నీ వరండాలో పెట్టండి అన్నాను, "నాకు తట్టనే లేదు నాయనా, నువ్వు చల్లగా ఉండాలి" అంది, ఆ చలిలో. చంటిపిల్ల ఉన్న తండ్రి ఒకడు పిచ్చి కోపంతో అరిచాడు, అరవనిచ్చాను, చివర్లో "సారీ అండీ, మీరు ఎత్తారు కాబట్టి మీ మీద పడ్డాను" అన్నాడు. ఎవరో "మీ గొంతు వింటే ధైర్యంగా ఉంది, మీ పేరేంటండీ" అని అడిగాడు. గొంతు గుర్తుపట్టాను, వాళ్ళ పిల్లలు ముగ్గుర్నీ తప్పించింది నేనే, పేరు చెప్పలేదు. వాళ్ళందరికీ నేను కావలసి వచ్చాను. నన్ను చూసి పక్క వరసలోకి తిరగలేదు, నా దగ్గరికే వచ్చారు, ఫోనులోనే అయినా. కరెంటు తిరిగొచ్చిన రోజు ఊరంతా సంతోషించింది, నేను ఇంటికి వచ్చి, కోటు తగిలించి, ఆ ఫోను ఇక మోగదని దిగులుపడ్డాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. కానీ అదీ సంగతి. నాకు సేవ మీద మోజు లేదు, మనుషులు నా దగ్గరికి రావాలి. అందుకే ఈ సీటు కావాలి. ఎంత కావాలంటే, రాత్రిళ్ళు మంచం మీద పడుకుని బోర్డు సమావేశంలో ఎటువైపు కుర్చీలో కూర్చుంటానో కూడా అనుకున్నాను.

అంత కావలసిన మనిషి ఇందాక ఏం చేశాడో చూడండి. మా సంఘంలో మీటరుకి ఒక్క ఓటు, మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒకటే, కారొలీ చీటీ నా చేతిలో పెట్టి, "నువ్వే వెయ్యి, నీ పేరు రాసుకునే ముచ్చట నీకే ఉండాలి" అని కాఫీ పోయడానికి వెళ్ళింది. అట్ట చాటున పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. రెండు పేర్లు, రెండు గళ్ళు. నా గడి మీద పెన్సిలు పెట్టాను, చెయ్యి కదల్లేదు. ఎవరూ చూడటం లేదు, నాకు తెలుసు, అయినా పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క మీద చెయ్యి వేసినట్టనిపించింది, మా అమ్మ ఎక్కడి నుంచో గొంతు సవరించుకుంది. ఒక్క ఓటుతో ఏం పోతుందిలే, మర్యాదైనా మిగులుతుంది అనుకుని బెర్నడీన్ గడిలో గుర్తు పెట్టి, నీటుగా మడిచి, డబ్బాలో వేసి వచ్చాను. వస్తూ వస్తూ మంచి పని చేశాననిపించింది కూడా. ఆ మంచితనం కుర్చీ దాకా కూడా రాలేదు. అప్పటి నుంచీ మొదలైంది ఆ తలుపు వైపు ఈ చూడటం, మెడ పట్టేసి కాదు.

వంట గది తలుపు తెరుచుకుంది. ముగ్గురూ బయటికి వచ్చి కాగితం ఎంబ్రీ చేతికిచ్చారు, ఆయన చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాడు, వెనక ఏమీ లేదు.

"ఇద్దరికీ నూట పన్నెండే," అన్నాడు మైకులో.

జిమ్ అంతా గుసగుసలు, నా చెవుల్లో మాత్రం వేరే హోరు, ఒక్క ఓటు, ఇటు వేసి ఉంటే ఇటు ఒకటి పెరిగి అటు ఒకటి తగ్గేది, ఇంత చిన్న లెక్క, ఒక పెన్సిలు గీత, మర్యాద మిగిలింది, మర్యాదని ఏం చేసుకోను, కంబళిలా కప్పుకోనా. కారొలీ నా వైపు తిరగలేదు, ఎదురుగానే చూస్తూ, పెదవులు కదపకుండా అడిగింది.

"ఎవరికి వేశావు?"

"ఓటంటే రహస్యం, కారొలీ."

"మన మీటరు ఓటు అది."

నేను కాలు మీద కాలు వేసుకున్నాను. ఆవిడకి అర్థమైపోయింది, అర్థమైనట్టు నా మోకాలి మీది నుంచి చెయ్యి తీసేసింది, కాలు మీద కాలు వేసుకుంటావో తల మీద వేసుకుంటావో నీ ఇష్టం అన్నట్టు.

"సంఘం నిబంధనల ప్రకారం నాణెం ఎగరెయ్యాలండీ," అన్నాడు ఎంబ్రీ. "ఇద్దరిలో ఎవరైనా తప్పుకుంటే తప్ప."

లేచి నిలబడ్డాను. నేను లేవలేదు, నా మోకాళ్ళే లేచాయి, వాటిలో మా అమ్మా, మా అమ్మమ్మా, నార్వే నుంచి పడవెక్కి వచ్చిన ఆవిడ అత్తగారూ అందరూ ఉన్నారు, ఒకరు ఎదురుగా ఉండగా పందేనికి దిగడమేమిటి, ముందు ఒక మాట అనాలి కదా, అంటే అవతలివాళ్ళు వద్దంటారు, మనం మళ్ళీ అంటాం, వాళ్ళు మళ్ళీ వద్దంటారు, అందరి పరువూ నిలబడ్డాక అప్పుడు నాణెం.

"బెర్నడీన్‌కే ఇచ్చెయ్యండి," అన్నాను.

బెర్నడీన్ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. మంచి నవ్వు, బన్ను వేసేటప్పటి నవ్వు.

"సరే. థాంక్స్, లోవెల్," అంది.

లూథరన్ల వైపు కుర్చీలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చాయి. ఎవరిదో చెంచా నేల మీద పడి చాలాసేపు మోగింది. ఒక్కసారికే ఒప్పేసుకుంది. ఒక్క మాటకి. ఎంబ్రీ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు, ఆయన రాస్తున్న కొద్దీ నా గదీ, నా గోడ మీది పటమూ, మోగని ఫోనూ అన్నీ దూరంగా జరిగిపోతున్నాయి, కూర్చో లోవెల్, మర్యాదగా నవ్వి కూర్చో, ఇంటికి పో, చేపలున్నాయి, నీకు చేపలంటే పడదు, ఎప్పుడూ పడలేదు, అయినా కూర్చో. కాళ్ళు మడవలేదు.

"ఎంబ్రీ గారూ, నేను మాట వరసకి అన్నానండీ."

ఆయన తల ఎత్తాడు. టెక్సాస్ మనిషి, మా దగ్గర రెండు చలికాలాలే గడిపాడు. "అంటే?"

"అంటే ఆవిడ వద్దనాలి. నేను మళ్ళీ అనాలి. ఆవిడ మళ్ళీ వద్దనాలి."

"ఎన్నిసార్లు?"

"మూడు," అన్నారెవరో వెనక నుంచి, చిన్నగా.

"నాకెవరూ చెప్పలేదే," అంది బెర్నడీన్. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి పూర్తిగా నా వైపు తిరిగింది. "ఇదిగో లోవెల్, ఈ లెక్కలు నాకు రావు. నీకు ఈ సీటు కావాలా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు."

ఆ ముక్క నేను పదిమందిలో ఎప్పుడూ అనలేదు. పెళ్ళి మాట కూడా కారొలీతో "నీకు వేరే పనేమీ లేకపోతే జూన్‌లో చేసుకుందామా" అన్నాను, ఆవిడ "క్యాలెండరు చూసి చెబుతా" అంది, మా ఇద్దరికీ ప్రేమ అంటే అదే. మూడు వందల మంది చూస్తున్నారు, అందులో సగం మంది నా చేతిలో పరీక్ష తప్పినవాళ్ళు, నేను వాళ్ళ పక్కన కూర్చుని కాగితం మీద గీతలు పెడుతుంటే ఇలాగే గొంతు ఎండిపోయి ఉంటుంది వాళ్ళకి, ఇలాగే అరచేతులు తడిసి ఉంటాయి, ఈ సంగతి నాకు ఇప్పుడా తెలిసేది.

"కావాలి," అన్నాను. అది చాలనట్టు మళ్ళీ నోరు తెరుచుకుంది. "చాలా కావాలి. సేవా గీవా అని చెప్పాను, అదేం కాదు. నాకు కావాలి."

ఎవరూ ఎటూ చూడలేదు, అందరూ తమ బూట్ల వంకే చూసుకున్నారు, జిమ్ మధ్యలో నేను బట్టలిప్పి నిలబడ్డా ఇంతకన్నా ఇబ్బంది పడేవాళ్ళు కాదు. నా చెవులు కాలిపోతున్నాయి. కారొలీ మాత్రం నన్నే చూస్తోంది, పెళ్ళయిన కొత్తలో ఒకసారి బావి దగ్గర నేను ఎవరూ లేరనుకుని పాడుతుంటే చూసినట్టు.

"హమ్మయ్య," అంది బెర్నడీన్. "నాకూ కావాలి. వెయ్యండి నాణెం. నాది బొమ్మ."

ఎంబ్రీ రాసినది కొట్టేసి, ముందు వరసలో ఎవరినో అడిగి నాణెం తీసుకుని ఎగరేశాడు. పట్టుకోలేకపోయాడు. అది కోర్టు మీద పడి, గీత వెంబడే దొర్లుకుంటూ ఆటలు చూసేవాళ్ళు కూర్చునే మెట్ల బల్లల కిందికి పోయింది, ఆయన మోకాళ్ళ మీద వంగి, తల లోపలికి పెట్టి, ఆ ముగ్గురు లెక్కల మనుషుల్నీ పిలిచి చూపించి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"బొరుసు."

నాకు వెంటనే అర్థం కాలేదు. బొరుసు ఎవరిదో ఎవరూ చెప్పలేదు, మిగిలింది నాకే కదా. బెర్నడీన్ వచ్చి నా చెయ్యి గట్టిగా ఊపింది, ఆ చేతిలో ఇంకా బరువు గిన్నెలెత్తే బలం ఉంది, మొహం చిన్నబోయింది కానీ దాన్ని దాచుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు, "బాధగానే ఉందయ్యా" అని చెప్పేసింది కూడా, చెప్పేసి, "వచ్చే ఏడు ఎవరైనా మొహమాటస్థుణ్ణి చూసుకుని నిలబడతాలే, మీలో బోలెడుమంది" అంది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం తేల్చుకోకముందే బడి వంటింటి వాళ్ళు వడ్డించే కిటికీల తెరలెత్తారు, పంది మాంసం పెట్టిన హామ్ బన్నుల వాసన వచ్చింది, కుర్చీలు చప్పుడు చేశాయి, అందరూ వరసలో చేరిపోయారు. సరే, అంతేగా, గెలిచాను, బొరుసు గెలిచింది, ఎవరూ ఇటు చూడటం లేదు, నవ్వు మొహం మీద ఉందో లేదో తడుముకున్నాను, లేదు. కారొలీ "కోటు తెస్తాను, నువ్విక్కడే ఉండు" అని, రెండడుగులు వేసి వెనక్కొచ్చి, కాలరు సర్ది, "ఇంటికెళ్ళాక మన మీటరు సంగతి మాట్లాడుకుందాం" అని వెళ్ళింది.

కోర్టు మధ్య ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను. అప్పుడు భోజనాల వరసలోంచి ఒకడు బయటికొచ్చాడు, చేతిలో కాగితం పళ్ళెం, అందులో బంగాళాదుంపల సలాడు, డార్విన్ క్వామ్, పాలడెయిరీ, వెనక్కి నడిపేటప్పుడు అవతల పక్కకి చూస్తాడు. నన్ను తప్పుకుని బయటి తలుపు వైపు పోతాడనుకున్నాను. పోలేదు. కోర్టుకి అడ్డంగా, తిన్నగా నా మీదికే వచ్చి, పళ్ళెం నా చొక్కాకి తగిలేంత దగ్గరగా ఆగాడు.

"చూడు హాగెరుడ్, గెలిచావు కదా, ఇప్పుడు విను. గాలేస్తే చాలు, మా కొట్టంలో లైట్లు కునికిపాట్లు పడుతున్నాయి. పాలు తీసే మెషిను మధ్యలో ఆగిపోతే ఆవులు నన్ను తంతున్నాయి, ఎంబ్రీని కాదు. ఆఫీసుకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది, ఒక్కడైనా వచ్చి చూసిన పాపాన పోలేదు. ఏం చేస్తావు? ఉడతలంటావా? మా దగ్గర చెట్టే లేదు, ఉడత ఎక్కడి నుంచి వస్తుంది?"

అతని వెనక ఇంకొకావిడ బన్ను కొరుక్కుంటూ వచ్చి నిలబడింది, ఆవిడకీ ఏదో ఉన్నట్టుంది, ఆవిడ వెనక ఇంకెవరో. డార్విన్ ఇంకా తిడుతున్నాడు, చెయ్యి ఊపినప్పుడల్లా సలాడు పళ్ళెం అంచుకి జారుతోంది. నేను ఆ పళ్ళెం కింద చెయ్యి పెట్టాను.

"ఇంకా చెప్పు," అన్నాను.